చిహో ఇంట్లో దుబాసీ

ఫిన్లే మొదటిసారి చిహో ఇంట్లో అడుగుపెడుతూనే గుమ్మం పైనున్న దూలానికి నుదురు ఠంగుమని కొట్టుకున్నాడు. నాకు లోపల్లోపల చాలా సంతోషమేసింది. అంత పొడుగు మనిషికి అంత పొట్టి గుమ్మం, బాగా అయింది అనుకున్నాను.

ఆ సంతోషం ఎంతోసేపు లేదు. చిహో వంటింట్లోంచి పరుగున వచ్చింది. తడిగుడ్డ తెచ్చి అతని నుదుటి మీద తనే అద్దడం మొదలుపెట్టింది.

"అయ్యయ్యో, బాగా తగిలిందా? షుంపేయ్, చూస్తావేంటి? నొప్పిగా ఉందేమో అడుగు!"

"నొప్పిగా ఉందా?" అని ఇంగ్లీషులో అడిగాను.

"ఇంత చల్లటి చెయ్యి అద్దుతుంటే నొప్పి ఎలా ఉంటుంది? ఇంకో రెండుసార్లు కొట్టుకోమన్నా కొట్టుకుంటానని చెప్పు," అన్నాడు ఫిన్లే, ఎర్రగడ్డం నిండా నవ్వుతూ.

నేను చిహో వైపు తిరిగి, "లేదంటున్నాడు," అన్నాను.

అదే దూలానికి నా తల ఎన్నిసార్లు తగిలిందో నాకే లెక్క తెలియదు. తగిలినప్పుడల్లా చిహో, "కళ్ళు నెత్తిన పెట్టుకుని నడుస్తావా?" అంటుంది. తడిగుడ్డ మాట దేవుడెరుగు, కనీసం వంటింట్లోంచి తల కూడా బయట పెట్టదు.

మాది ఓనోమిచి. కొండ మీద ఇళ్ళు, కింద సముద్రం, మధ్యలో మెట్లు. మా ఇంటికీ చిహో ఇంటికీ మధ్య నడుమెత్తు రాతిగోడ ఒక్కటే అడ్డం. ఆ ఇంట్లో చిహో, వాళ్ళ బామ్మ ఫుమీ, ఇద్దరే ఉంటారు. ఊరు చూడటానికి వచ్చే విదేశీయులని ఇంటికి పిలిచి భోజనం పెడతారు. డబ్బిచ్చి వచ్చినవాళ్ళే అయినా, గుమ్మం దాటాక చుట్టాలే అంటుంది బామ్మ. చాప మీద కూర్చోబెట్టి, తాము తినేదే పెట్టి, ఇంకొంచెం ఇంకొంచెం అని కడుపు పగిలేలా తినిపించి పంపిస్తారు.

చిహోకి ఇంగ్లీషు రాదు. నేనేమో అవతలి దీవిలో ఓడలు కట్టే యార్డు ఆఫీసులో పని చేస్తాను. విదేశీ ఇంజనీర్లతో రోజంతా అదే భాష. అందుకని అతిథులు వచ్చే ప్రతి సాయంత్రమూ ఫెర్రీ దిగి, చిహో చెప్పిన చేపా, ముల్లంగీ, సోయా సీసా మోసుకుంటూ మెట్లెక్కి, ముఖం కడుక్కుని వాళ్ళింట్లో దుబాసీగా కూర్చునేవాణ్ణి. వాళ్ళ మాట వీళ్ళకీ, వీళ్ళ మాట వాళ్ళకీ చేరవెయ్యడం నా పని. జీతం లేదు, భోజనం ఉంది. అతిథులు వెళ్ళాక చిహో గిన్నెలు కడుగుతుంటే పక్కన నిలబడి తుడిచేవాణ్ణి. అప్పుడు కాసేపు కబుర్లు. ఆ కాసేపటి కోసమే నేను ఆ సోయా సీసాలన్నీ మోస్తున్నానని చిహోకి తప్ప వీధి వీధంతటికీ తెలుసు.

చెబుదామని అనుకోకపోలేదు. అతిథి మాట అయితే టకటకా చెప్పేస్తాను. నా మాట దగ్గరికొచ్చేసరికి నాలుక మడత పడిపోతుంది.

ఈ పనిలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. వచ్చిన అతిథి మళ్ళీ రాడు. తింటాడు, ఫొటో దిగుతాడు, వంగి నమస్కారం పెట్టబోయి ఎక్కువ వంగుతాడు, వెళ్ళిపోతాడు.

ఫిన్లే మాత్రం మళ్ళీ వచ్చాడు.

అతనిది టాస్మానియా. చెక్క పడవలు చేసే పని నేర్చుకోవడానికని అవతలి దీవిలో ఒక ముసలి పడవల వడ్రంగి దగ్గర చేరాడట. వానాకాలం అయ్యేదాకా ఇక్కడే ఉంటాడట. "వానాకాలం అయ్యేదాకానా?" అని రెండుసార్లు అడిగాను. అవునన్నాడు.

రెండోసారి వస్తూ వస్తూ అన్నం కలిపే తెడ్డు ఒకటి తెచ్చాడు. పడవ చెక్క ముక్కతో తనే చెక్కాడట. చిహో దాన్ని రెండు చేతులతో అందుకుని, అటు తిప్పీ ఇటు తిప్పీ, చెంపకి ఆనించి చూసుకుంది.

"ఎంత నున్నగా ఉందో చూడు షుంపేయ్!"

"చూశాను."

"పట్టుకుని చూడు."

"కంటితో చూస్తే తెలుస్తోందిలే."

ఆ పూట అన్నం ఆ తెడ్డుతోనే వడ్డించింది. ఇన్నేళ్ళుగా నేను మోసుకొచ్చిన సీసాల్లో ఒక్కదాన్నైనా చెంపకి ఆనించుకుందా ఈ మనిషి?

అప్పటినుంచి అతను వారం వారం రావడం మొదలుపెట్టాడు. నా దుబాసీతనం కూడా కొత్త దారి పట్టింది. ఫిన్లే ఏదన్నా నోట్లో పెట్టుకుంటే ఊరుకోడు. కళ్ళు మూసుకుంటాడు, గుండె మీద చెయ్యి వేసుకుంటాడు, ఊపిరి పీల్చి మొదలుపెడతాడు. "ఈ చేప అన్నం తింటుంటే మా అమ్మ ఒడిలో కూర్చున్నట్టుంది. నేను చాలా ఊళ్ళు తిరిగాను కానీ ఇంత ప్రేమగా వండే మనిషిని చూడలేదు. ఈ మాట ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పు."

"ఏమంటున్నాడు?" అని ముందుకి వంగింది చిహో.

"ఉప్పు సరిపోయిందంటున్నాడు."

ఫుమీ బామ్మ టీ కప్పు కింద పెట్టింది. "అంత పొడుగు మాటకి అర్థం ఇంతేనట్రా?"

"ఇంగ్లీషు అలాగే ఉంటుంది బామ్మా. సాగదీస్తారు."

బామ్మ నా వంక ఒక చూపు చూసింది. చిహో తల వంచుకుని వెదురు మొలకల గిన్నె అతని వైపు జరిపింది. నా వైపు జరపలేదు. నాకూ వెదురు మొలకలంటే ప్రాణం అని ఆ ఇంట్లో తెలియనివాళ్ళు లేరు.

ఇంకో వారం ఇంకో దెబ్బ. అప్పటిదాకా "ఫిన్లే గారూ, ఫిన్లే గారూ" అంటున్న మనిషి, ఆ రోజు మిసో పులుసు పోస్తూ, "ఫిన్లే, ఇంకొంచెం?" అంది.

గారు ఏమైంది? ఎప్పుడు పోయింది? మా ఊళ్ళో ఒక మనిషి పేరు వెనక గారు ఊడిపోవాలంటే ఏళ్ళు పడుతుంది. నా పేరు వెనకది ఎప్పుడు ఊడిందో నాకు గుర్తులేదు, మేం మట్టిలో ఆడుకునే రోజుల్లోనే ఊడి ఉంటుంది. ఇతనికి వానాకాలం సగం కాకముందే ఊడిపోయింది.

"గారు ఏదీ?" అని అడిగేశాను, అతను చేతులు కడుక్కోవడానికి లేవగానే.

"అతనే వద్దన్నాడు. వేళ్ళతో చూపించి, నవ్వి, గారు వద్దు, ఫిన్లే చాలు అన్నాడు."

"నేను లేకుండా ఎప్పుడు మాట్లాడుకున్నారు?"

"నువ్వు చేప కొనడానికి వెళ్ళినప్పుడు. ఏం? నీ అనుమతి కావాలా?"

"నాకేంటి, నాకేం పట్టింది? గారు లేకపోతే మర్యాదగా ఉండదని అన్నాను."

"నీ చెవులు ఎర్రబడ్డాయి," అంది చిహో, పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోతూ.

ఇవన్నీ దిగమింగుకున్నాను. కానీ ఆ తరవాతి వారం జరిగింది దిగమింగేది కాదు. భోజనాలయ్యాయి. బయట వాన దంచి కొడుతోంది. నేను అలవాటుగా లేచి వంటింటి వైపు వెళ్ళేసరికి, నేను నిలబడే చోట ఫిన్లే నిలబడి ఉన్నాడు. చేతిలో నేను గిన్నెలు తుడిచే తువ్వాలు. చిహో కడిగి ఇస్తోంది, అతను తుడిచి పెడుతున్నాడు. ఒకరి మాట ఒకరికి తెలియదు. అయినా నవ్వుకుంటున్నారు!

"నేను తుడుస్తాను, మీరు అతిథి, వెళ్ళి కూర్చోండి," అన్నాను.

"పర్లేదు, మా అమ్మ సత్రంలో చిన్నప్పటినుంచీ ఇదే నా పని," అన్నాడు ఫిన్లే.

"నువ్వెళ్ళి బామ్మ దగ్గర కూర్చో షుంపేయ్. ఇక్కడ ముగ్గురికి చోటు లేదు," అంది చిహో.

చోటు లేదట.

వెళ్ళి కూర్చున్నాను. బామ్మ బత్తాయి ఒలిచి ఇచ్చింది. చేదుగా ఉంది. గిన్నెలు తుడవడం అయిపోయింది, టీ అయిపోయింది, రెండోసారి టీ అయిపోయింది. ఫిన్లే లేవడు. వాన తగ్గనీ అంటాడు, తగ్గితే ఇంకో మాట ఎత్తుకుంటాడు.

గొడుగు తెస్తానని నేను వెనక వసారాలోకి వెళ్ళాను. అక్కడ గోడకి చీపురు ఆనించి ఉంది.

మా వైపు పాతకాలం వాళ్ళకి ఒక అలవాటు ఉండేది. కూర్చున్న చుట్టం ఎంతకీ లేవకపోతే, చీపురుని తలకిందులుగా నిలబెట్టి దాని మీద తువ్వాలు కప్పుతారు. చుట్టానికి అది కనిపించనక్కర్లేదు. చీపురు అలా నిలబడితే చాలు, వాళ్ళకి ఇల్లు గుర్తొచ్చి లేచి పోతారని నమ్మకం. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. అయినా చీపురు తిరగేశాను. తువ్వాలు కూడా కప్పాను, మడతలు సరిచేసి మరీ.

వచ్చి బుద్ధిమంతుడిలా కూర్చున్నాను. ఫిన్లే వంక చూస్తున్నాను. ఇప్పుడు లేస్తాడు, ఇదిగో లేస్తాడు.

చిహో వసారాలోకి వెళ్ళి వచ్చింది. వచ్చాక మాట తగ్గించింది. తరవాత ఊరగాయ తేవడానికి బామ్మ వెళ్ళింది. ఖాళీ చేతులతో తిరిగొచ్చింది. చిహో వంక చూసింది, నా వంక చూసింది, గొంతు సవరించుకుంది.

"షుంపేయ్, పొద్దున్నే నీకు డ్యూటీ ఉంది కదా. వెళ్ళి పడుకో నాయనా."

"నాకేం పర్వాలేదు బామ్మా."

"పర్వాలేదంటే ఎలా? ఆరోగ్యం చూసుకోవద్దూ? వెళ్ళు."

అలా నేను మొదట లేచాను. రాతిగోడ దాటి మా వాకిట్లో నిలబడ్డాక కూడా లోపల ఫిన్లే నవ్వు వినిపిస్తూనే ఉంది.

మర్నాడు మెట్ల దగ్గర బామ్మ నన్ను ఆపింది. ఆవిడ ముఖం చూస్తే ఎవరో పోయినట్టుంది.

"నీతో ఒక మాట చెప్పాలి. ఏమీ అనుకోకు. పిల్లకి నువ్వు రోజూ కూర్చోవడం విసుగ్గా ఉన్నట్టుంది."

"చిహో అలా అందా?"

"నోటితో అనలేదు. చీపురు పెట్టింది."

"అది... అది ఫిన్లే కోసమేమో బామ్మా."

"ఆ పరదేశం అబ్బాయికి చీపురు సంగతి ఏం తెలుసురా? తెలిసిన పరాయివాడివి ఆ గదిలో నువ్వొక్కడివే. నీకే పెట్టింది. చిన్నపిల్ల, తెలియక చేసింది. కొన్నాళ్ళు రాకు. నేను మెల్లగా నచ్చజెబుతాను."

చెప్పొచ్చుగా, అది పెట్టింది నేనే అని? నోటి చివరిదాకా వచ్చింది. కానీ ఫుమీ బామ్మ సంగతి మీకు తెలియదు. తుపానులో దారి తప్పి తలుపు కొట్టినవాడికి తన పక్క ఇచ్చి తను వంటింట్లో పడుకున్న మనిషి ఆవిడ. ఆవిడ ఇంట్లో భోంచేస్తున్న అతిథికి చీపురు తిరగేశానంటే జన్మలో మళ్ళీ ఆ గడప తొక్కనిస్తుందా? తల ఊపి ఫెర్రీ ఎక్కేశాను.

ఆ సాయంత్రం చిహో గోడ దగ్గరికి వచ్చింది. నా ముఖం వంక చూడకుండా గోడ మీది నాచు గోకుతూ నిలబడింది.

"కొన్నాళ్ళు నువ్వు రాకపోయినా ఫర్వాలేదు. నీకు మాత్రం అలసట కాదూ?"

"మాటలెవరు చెబుతారు మరి?"

"ఫిన్లే ఫోన్లో ఏదో ఉందట. అతను మాట్లాడితే అదే మన భాషలో చెప్పేస్తుందట."

"ఓహో. ఫోనా?"

"ఊఁ."

"మంచిది. ఫోన్ చేపలు కూడా మోసుకొస్తుందా?"

చిహో పెదవి కొరుక్కుని లోపలికి వెళ్ళిపోయింది. నిజంగానే నేనంటే విసుగు పుట్టిందా అని నాకే అనుమానం పట్టుకుంది. చీపురు పెట్టింది నేనే అని తెలిసి కూడా!

ఆ తరవాత నా బతుకు ఏం చెప్పమంటారు. గోడకి ఇవతల కూర్చుని అవతలి వాసనలు పీల్చడం. ఇవాళ చేప అన్నం. ఇవాళ గుడ్డు అట్టు చుట్టింది, తీపి కాస్త ఎక్కువ వేసింది. ఇవాళ ఆలిచిప్పల పులుసు. చివర్లో ఎప్పుడూ ఫిన్లే నవ్వు. మనుషుల మీద అసూయపడినవాళ్ళని చూశాను కానీ, ఫోన్ మీద అసూయపడినవాణ్ణి నన్నే చూశాను. ఆ ఫోన్‌కి చిహో ఎదురుగా కూర్చునే భాగ్యం ఉంది. ఆమె మాట్లాడితే చెవి ఒగ్గి వింటుంది. నాకు లేదు.

ఒక రోజు ఫెర్రీలో నా భుజం మీద బరువైన చెయ్యి ఒకటి పడింది. ఫిన్లే.

"ఎక్కడికి పోయావయ్యా? నువ్వు లేక అక్కడ అంతా గందరగోళంగా ఉంది. మొన్న పులుసు అద్భుతం అన్నాను. ఫోన్ ఏం చెప్పిందో ఏమో, బామ్మగారు నా గిన్నె తీసుకెళ్ళి పారబోసి, కన్నీళ్ళు పెట్టుకుని, కొత్తగా కాచి తెచ్చారు."

నవ్వొచ్చింది. అతని ఎదురుగా నవ్వకూడదని సముద్రం వైపు తిరిగాను.

"శనివారం నువ్వు రావాలి," అన్నాడు. ఈసారి అతని గొంతులో నవ్వు లేదు. "చిహోతో ఒక ముఖ్యమైన మాట చెప్పాలి. దానికి ఫోన్‌ని నమ్మలేను. నిన్ను నమ్ముతాను."

"ఏం మాట?"

"అక్కడే చెబుతాను. ముందే చెప్పేస్తే నాకున్న ధైర్యం కాస్తా పోతుంది."

ఆ మాట ఏమిటో నాకు అర్థమైపోయింది. రానని చెప్పాలి. రానని చెబితే ఫోన్ చెబుతుంది. ఆ ఫోన్ ఏం చెబుతుందో, చిహో దేనికి తలూపుతుందో! వస్తానన్నాను.

శనివారం వాన సన్నగా పడుతోంది. "ఇతను నా అతిథి," అని ఫిన్లే నన్ను ముందుకి తోసి తను వెనక వంగి లోపలికి వచ్చాడు. అతిథి వెంట వచ్చినవాణ్ణి బామ్మ కాదనలేదు. తీసుకెళ్ళి మమ్మల్నిద్దరినీ పూలకుండీ ఉన్న గూడు ముందు, అతిథులని కూర్చోబెట్టే చోట కూర్చోబెట్టింది. ఆ ఇంట్లో నేను ఎప్పుడూ ఆ చోట కూర్చోలేదు. వంటింటి గుమ్మం పక్కన, అన్నం బాన దగ్గర కూర్చోవడం నాకు అలవాటు.

చిహో వచ్చి నా ముందు పళ్ళెం పెట్టింది. "తీసుకోండి, షుంపేయ్ గారూ," అంది.

గారు! ఫిన్లేకి ఊడిపోయిన గారు నాకు వచ్చి తగులుకుంది. ఎదురుగా వెదురు మొలకలు ఉన్నాయి. ఒక్కటి కూడా ముట్టుకోలేదు.

భోజనం సగంలో ఫిన్లే అన్నం తినే పుల్లలు కింద పెట్టి, మోకాళ్ళ మీద సరిగ్గా కూర్చున్నాడు. చిహోనే చూస్తూ మాట్లాడాడు. ఒక్కో మాటా ఆగి, నా కోసం ఎదురుచూసి, మళ్ళీ మాట్లాడాడు.

"మా అమ్మకి సముద్రం ఒడ్డున చిన్న సత్రం ఉంది. అమ్మకి ఇక చేతకావడం లేదు. మీరు అక్కడికి వచ్చి వండాలని నా కోరిక."

చెప్పాను.

"రెండేళ్ళు వచ్చి చూడండి. నచ్చితే ఉండండి. బామ్మగారిని కూడా తీసుకెళదాం."

చెప్పాను. నా గొంతు ఎవరిదోలా ఉంది.

ఫిన్లే చెవుల దాకా ఎరుపెక్కాడు. "సత్రం ఒక సాకు. నాకు ఆవిడంటే ఇష్టం. చాలా ఇష్టం. అది కూడా చెప్పు."

చిహో నా వంక తిరిగింది. ఆ మాట ఇప్పుడు నా నోట్లో ఉంది. మింగేస్తే అడిగేవాళ్ళు లేరు. "ఉప్పు సరిపోయిందంటున్నాడు" అనేస్తే సరి. ఎన్ని మింగలేదు నేను! కానీ ఆమె నా నోటి వంకే చూస్తోంది. నేను ఏది చెబితే ఆమెకి అంతే తెలుస్తుంది. తన గురించి ఒక మనిషి అన్న అంత పెద్ద మాట తనకి తెలియకుండా చేసే హక్కు నాకు ఎవరిచ్చారు?

"సత్రం ఒక సాకట," అన్నాను. "అతనికి నువ్వంటే ఇష్టమట. చాలా ఇష్టమట."

చిహో చాప అంచు వేలితో సరిచేసింది.

"అతనికి చెప్పు," అంది. "నా చేతి వంట అంతగా మెచ్చుకున్నందుకు ఎప్పటికీ మర్చిపోనని చెప్పు."

చెప్పాను.

"సత్రంలో వండితే నేను వంటమనిషిని. ఇక్కడ వండితే ఇంటావిడని. నలుగురినీ మా ఇంటికి రండి అని పిలిచి పెట్టడమే నాకు ఇష్టమని చెప్పు. రాలేనని చెప్పు."

చెప్పాను. నా గొంతు కాస్త నాదిలా వచ్చింది.

"ఇంకా..." చిహో పైట చెంగులా వేలాడుతున్న ఏప్రన్ తాడు వేలికి చుట్టుకుంది. "నా మనసులో వేరే అతను ఉన్నాడని చెప్పు."

నా నెత్తి మీద పిడుగు పడింది. వేరే అతనా? ఈ ఎర్రగడ్డం చాలదన్నట్టు ఇంకొకడు కూడానా! ఎవడు? చేపల కొట్టు వాడా? పోస్టుమాన్ కొత్తగా వచ్చాడు, వాడా? పళ్ళు కొరుక్కుంటూ ఫిన్లేకి చెప్పాను.

ఫిన్లే తల ఊపాడు. "అదృష్టవంతుడు," అన్నాడు మెల్లగా.

"ఎవరని అడుగుతున్నాడు," అన్నాను.

"అతనే అడుగుతున్నాడా?" అంది చిహో.

"అతనే!"

"సరే. అయితే చెప్పు. మహా కోపిష్టి అని చెప్పు."

"మహా కోపిష్టి అట," అని ఇంగ్లీషులో అన్నాను. అలాంటివాణ్ణి ఈమె ఎలా ఇష్టపడిందో!

"ఎవరైనా నా వంట మెచ్చుకుంటే అందులో ముప్పాతిక తనే తినేసి, మిగిలిన పావు నాకు చెబుతాడని చెప్పు."

చెప్పాను. చెబుతూ ఉండగా ఎక్కడో ఏదో తేడాగా అనిపించింది.

"అసూయ పుడితే చెవులు రెండూ ఎర్రగా కందిపోతాయని చెప్పు."

"అసూయ పుడితే... అతని చెవులు..."

ఫిన్లే నా చెవుల వంక చూశాడు. ఇటుది చూశాడు, అటుది చూశాడు. తరవాత చాప మీద చరిచి ఒకటే నవ్వు. నేను చెయ్యి పెట్టి చూసుకుంటే చెవులు కాలిపోతున్నాయి.

"నేనా?" అన్నాను.

"కాదు, పోస్టుమాన్," అంది చిహో. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి, నవ్వుతోంది. "ఉప్పు సరిపోయిందని చెప్పడానికి ఎవరైనా గుండె మీద చెయ్యి వేసుకుంటారా? నాకు ఇంగ్లీషు రాదు కానీ కళ్ళున్నాయి. ఏనాడైనా నువ్వే చెబుతావని చూశాను. ప్రపంచంలో అందరి మాటా చెబుతావు, నీది తప్ప!"

"ఆగండి, ఆగండి," అని అడ్డొచ్చింది బామ్మ. "ఇతనంటే అంత ఇష్టం ఉన్నదానివి, ఆ రోజు చీపురు ఎందుకు తిరగేశావే?"

"నేనా? నువ్వు కదా పెట్టింది! షుంపేయ్ అంటే నీకు గిట్టడం లేదనుకుని, నీ మాట కాదనలేక రావద్దన్నాను. ఎంత ఏడ్చానో!"

"నేనెందుకు పెడతాను? నువ్వు పెట్టావని నేను..."

ఇద్దరూ మాట ఆపి నా వైపు తిరిగారు. దాక్కుందామంటే ఆ గదిలో పూలకుండీ తప్ప ఏమీ లేదు. నుదురు చాపకి ఆనించాను.

"నేనే బామ్మా. ఫిన్లే లేవాలని నేనే పెట్టాను. తప్పయిపోయింది."

"ఏమైంది? ఏమంటున్నావు? నాకూ చెప్పు," అంటున్నాడు ఫిన్లే. ఏం చేస్తాను, నేనే దుబాసీని. నిన్ను వెళ్ళగొట్టడానికి చీపురు తిరగేశానని, నా నోటితో నేనే, పొల్లు పోకుండా ఇంగ్లీషులో చెప్పుకున్నాను.

"ఆ చీపురా?" అన్నాడు ఫిన్లే. "చూశాను. మా అమ్మ కూడా అలాగే పెడుతుంది, కుచ్చు పాడవకుండా. ఎవరో పని తెలిసినవాళ్ళే పెట్టారని మెచ్చుకున్నాను." తరవాత కాస్త గొంతు తగ్గించాడు. "మొదటి రోజు నేను అంత చెబితే నువ్వు ఒక్క ముక్కలో తేల్చేసినప్పుడే అనుకున్నాను, ఇక్కడ మనకి పోటీ ఉందని. అయినా అడక్కుండా వెళ్ళిపోతే నాకు నిద్ర పట్టేది కాదు. నువ్వు ఒక్క మాట కూడా తగ్గించలేదు ఇవాళ. అందుకు థాంక్స్." చెయ్యి చాచాడు. ఆ చేతిని పట్టుకుంటే, ఇన్నాళ్ళూ నేను అసూయపడింది ఒక మంచి మనిషి మీద అని తెలిసి ఇంకా సిగ్గేసింది.

బామ్మ మాత్రం నవ్వలేదు. "లే అక్కణ్ణుంచి," అంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. లేచి నిలబడ్డాను. గుమ్మం వైపు రెండడుగులు వేశాను.

"అటెక్కడికిరా? అది అతిథులు కూర్చునే చోటు, నువ్వు అక్కడ కూర్చోకూడదు అంటున్నాను. అతిథిని వెళ్ళగొట్టాలని చూసినవాడివి నువ్వు అతిథివి ఎలా అవుతావు? వెళ్ళి ఆ అన్నం బాన దగ్గర కూర్చో, చిహో పక్కన. ఇక జీవితాంతం ఇద్దరూ అక్కడ కూర్చుని వచ్చినవాళ్ళకి వడ్డించండి. అదే నీకు శిక్ష."

వెళ్ళి కూర్చున్నాను. చిహో జరగలేదు, జరిగేంత చోటు కూడా లేదు. మోచేతులు తగిలాయి. వెదురు మొలకల గిన్నె మొత్తం తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇప్పుడైనా చెబుతావా?" అంది, నాకు తప్ప ఎవరికీ వినపడకుండా.

చెప్పాను. మా భాషలో, నా సొంత మాట, ఒక్కటి కూడా మింగకుండా. కాస్త పొడుగైంది. చిహో చెవులు ఎర్రబడటం నేను మొదటిసారి చూశాను.

"ఏమన్నాడు? ఏమన్నాడు?" అని ఫిన్లే ముందుకి వంగాడు.

బామ్మ అతని గిన్నెలో ఇంకో తెడ్డు అన్నం పెట్టి, అర్థమవుతుందా లేదా అని చూసుకోకుండా మా భాషలోనే చెప్పింది.

"ఇవాళ్టికి దుబాసీకి సెలవు నాయనా. నువ్వు తిను."